పాత ఆయిల్ పొయ్యిలోంచి విడివడిన ఆ రేకు చక్రం ఏమిటి?

మా మేనకోడలు పంపిన ఫొటోలో ఉన్నది పల్చటి స్టీలు రేకుతో చేసిన ఒక చక్రం. మధ్యలో పెద్ద ఖాళీ ఉంది కనుక కంకణం అన్నా సరిపోతుంది. దాని లోపలి అంచూ, బయటి అంచూ రెండూ ఒకే వైపుకు కొద్దిగా వంగి ఉన్నాయి. ఎక్కడా ఒక్క చిల్లు లేదు, మర బిగించే చోటు లేదు, పేరు గానీ నంబరు గానీ లేవు. "ఇది ఏంది మామయ్యా, ఎక్కడ పెట్టాల?" అని ఫొటో కింద రాసింది.

ఆ అమ్మాయి ఉత్తర ఐర్లండ్‌లో నర్సుగా పనిచేస్తోంది. ఒక పల్లెలో ఆమె అద్దెకు తీసుకున్న పాత ఇంటి వంటగదిలో ఎనామిల్ పూసిన పోత ఇనుప పొయ్యి ఒకటి గోడను ఆనుకొని ఉంది. దాని మీద వంట చేసుకోవచ్చు, లోపలి అరల్లో రొట్టె కాల్చుకోవచ్చు, అదే నిప్పుతో నీళ్లు కాగుతాయి, గది వెచ్చబడుతుంది. ఇంటి యజమానురాలి భర్త ఉన్నంతకాలం దాని సంగతి ఆయనే చూసుకునేవారట. చివరిసారి బర్నరు విప్పి శుభ్రం చేయబోయి, ఆ పని పూర్తికాకుండానే ఆయన కన్నుమూశారు. విప్పిన భాగాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో అలాగే ఉండిపోయాయి. చిల్లులు చిల్లులుగా ఉన్న గొట్టాలు నాలుగు, గుండ్రటి మూత ఒకటి, కాస్త వత్తిపట్టీ, కొస వంచిన కమ్మీ, వాటితో పాటు ఈ చక్రం ఉన్నాయి. గొట్టాలు ఎక్కడివో చూడగానే తెలిసిపోతుంది. చక్రం దగ్గరే అందరూ ఆగిపోయారు.

నన్ను అడగడానికి కారణం ఉంది. నెల్లూరు చిన్నబజారులో మా నాన్నగారికి స్టవ్వులు బాగుచేసే అంగడి ఉండేది, నేను బడి వదిలాక అక్కడే కూర్చునేవాడిని. ఇంట్లో స్టవ్వు పాడైతే జనం స్టవ్వునంతా మోసుకొచ్చేవారు కాదు. ఊడిపడిన ముక్కను కాగితంలో చుట్టి తెచ్చి, "ఇది దేనిదో చూడండి" అని బల్ల మీద పెట్టేవారు. పంపు స్టవ్వులోని తోలు వాషరు, నిప్పిలు, పంపు గొట్టం అడుగున గాలి వెనక్కి రాకుండా ఆపే చిన్న ఇత్తడి వాల్వు, దానిలోని స్ప్రింగు, ఇవన్నీ అలా వచ్చినవే. నాన్నగారు ముక్కను చేతిలోకి తీసుకొని ముందుగా ఏ వైపు నల్లబడిందో, ఏ వైపు అరిగిందో, నూనె ఎండి ఎక్కడ జిగురు కట్టిందో చూసేవారు. ఆ తరువాతే పేరు చెప్పేవారు. ఆకారం చూసి చెబితే తప్పుపోయే అవకాశం ఎక్కువని, నిప్పూ నూనే వదిలిన మరకలు అబద్ధం చెప్పవని ఆయన నమ్మకం. ఆ నమ్మకం సరైనదేనని నా అభిప్రాయం. ఈ చక్రం విషయంలోనూ నేను ఆ దారినే పోయాను.

అలాంటి పొయ్యి మన ప్రాంతంలో కనిపించదు కనుక దాని పుట్టుక కాస్త చెప్పాలి. ఈ రకం పొయ్యిలలో బాగా పేరున్నది ఆగా. స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ డాలెన్ దాన్ని 1922లో రూపొందించాడు. దీపస్తంభాల దీపాలను వాటంతటవే నడిపించే నియంత్రణ సాధనాలకు 1912లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నవాడు ఆయనే. అదే సంవత్సరం ఒక ప్రయోగంలో జరిగిన పేలుడు వల్ల చూపు పోగొట్టుకొని కూడా ఆయన పని మానలేదు. మరొక ప్రసిద్ధమైన పేరు రేబర్న్, అది 1946లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది. ఇవి మొదట బొగ్గు వంటి ఘన ఇంధనంతో మండిన పొయ్యిలే. తరువాతి దశాబ్దాలలో బొగ్గు ఎత్తిపోయడం, బూడిద తీయడం తప్పించుకోవడానికి చాలామంది వాటిలో ఆయిల్ బర్నర్లు పెట్టించుకున్నారు. పొయ్యి ఒక కంపెనీది, కడుపులోని బర్నరు మరొక కంపెనీది అయ్యే సందర్భం ఇక్కడే వస్తుంది. తలుపు మీద ఎనామిల్‌తో రాసిన పేరును పట్టుకొని విడిభాగం వెతికితే దొరకకపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణం. మా అమ్మాయి మొదట పంపినది కూడా ఆ తలుపు ఫొటోనే. నాకు కావలసినది బర్నరు అడుగు భాగం ఫొటో అని చెప్పి, పొయ్యి కింది తలుపు తీయించి, టార్చి వేయించి మళ్లీ తెప్పించుకున్నాను.

ఆ ఫొటో చూశాక సగం సందేహం తీరింది. ఆయిల్ బర్నర్లలో ప్రధానంగా రెండు జాతులు ఉన్నాయి. ఒకటి కరెంటు మోటారుతో నూనెను ఒత్తిడి పెట్టి, సన్నటి రంధ్రం గుండా తుంపరగా చిమ్మేది. రెండోది ఏ మోటారూ లేకుండా నూనెను ఆవిరిగా మార్చి మండించేది. ఇక్కడ ఉన్నది రెండోది. ఇంటి బయటి ట్యాంకులోంచి నూనె తన బరువుతోనే దిగి, ఫ్లోటు ఉన్న కంట్రోల్ వాల్వు గుండా బర్నరు అడుగున ఉన్న పోత ఇనుప పళ్లేనికి చేరుతుంది. ఆ పళ్లెంలో ఒకదాని చుట్టూ ఒకటిగా రెండు గుండ్రటి గాళ్లు ఉంటాయి. గాళ్లలో వత్తిపట్టీ నిలబెట్టి, నూనె నానే వరకు ఆగి అగ్గిపుల్లతో అంటిస్తారు. మొదట వత్తే మండుతుంది. పళ్లెం వేడెక్కాక నూనె గాళ్లలో ఆవిరై పైకి లేస్తుంది, ఆ తరువాత వత్తి పని నామమాత్రమే. ఆవిరి ఆ చిల్లుల గొట్టాల మధ్య సందులో పైకి పోతూ, చిల్లుల గుండా వచ్చే గాలితో కలిసి నీలిమంటగా మండుతుంది. గొట్టాలు ఎర్రగా కాలి నిలబడతాయి.

అందులో పోసేది కిరసనాయిలే. అక్కడ దాన్ని 28 సెకన్ల నూనె అంటారు. రెడ్‌వుడ్ అనే చిక్కదనం కొలిచే పాత్రలోంచి 50 మిల్లీలీటర్ల నూనె కారడానికి పట్టే సమయం అది. ఇంకొంచెం చిక్కగా ఉండే 35 సెకన్ల నూనెను ఈ బర్నరులో పోస్తే సరిగా ఆవిరి కాక గాళ్లు బొగ్గు కట్టుకుపోతాయి. ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్లు ఇలా నూనె కాల్చి వెచ్చబడేవే కనుక, ట్యాంకరు వచ్చి ఇంటి ట్యాంకు నింపిపోవడం అక్కడ మామూలు సంగతి. రేషను అంగడి ముందు డబ్బా పట్టుకొని నీలి కిరసనాయిలు కోసం నిలబడిన మనకు అది వింతగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ బర్నరు పూర్తిగా విదేశీ వస్తువులా కనిపించినా, దాని లోపలి ఏర్పాటు మన ఇళ్లలోని వత్తుల స్టవ్వుదే. ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం 1970లలో తయారుచేసిన నూతన్ స్టవ్వును ఎవరైనా విప్పి శుభ్రం చేసి ఉంటే ఈ మాట వెంటనే ఒప్పుకుంటారు. అందులోనూ చిల్లులున్న లోపలి గొట్టం, దాని చుట్టూ చిల్లులున్న బయటి గొట్టం, ఆ రెండింటి మధ్య సందులో వత్తులు ఉంటాయి. తేడా ఏమిటంటే, మన స్టవ్వులో చివరిదాకా నూనెను పైకి పీల్చి అందించేది నూలు వత్తే, అక్కడ మాత్రం వేడెక్కిన పళ్లెమే ఆ పని చేస్తుంది. మంట ఉండేది రెంటిలోనూ గొట్టాల మధ్య సందులోనే, గాలి వచ్చేది చిల్లులలోంచే.

ఆ లోపలి గొట్టానికి పైన మూత ఉంటుంది. అది ఎందుకు ఉందో అప్పట్లో చాలామందికి తెలియదు. గాలికి ఎప్పుడూ సులువైన దారి కావాలి. లోపలి గొట్టం పైన తెరిచి ఉంటే, అడుగు నుంచి వచ్చిన గాలి చిల్లుల గుండా పక్కకు దూరే శ్రమ పడకుండా నేరుగా పైకి పోతుంది. మూత దాన్ని అడ్డుకొని చిల్లుల్లోకి తిప్పుతుంది. మా అంగడికి "మంట ఎర్రబడింది, గిన్నెలన్నీ మసి" అంటూ వచ్చేవారిలో చాలామంది అప్పటికే కొత్త వత్తులు వేసి, కిరసనాయిలులో కల్తీ ఉందని రేషను డీలరుతో తగాదా పెట్టుకొని వచ్చేవారు. నాన్నగారు వత్తులు చూడకముందే లోపలి గొట్టాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, మూత తుప్పుపట్టి చిల్లు పడిందేమో చూసేవారు. చాలాసార్లు ఆ చిల్లే కనిపించేది. చిల్లులు ఉండవలసిన చోట మూసుకుపోయినా, ఉండకూడని చోట ఒక్కటి పడినా మంటకు ఒకే జబ్బు వస్తుంది.

ఈ లెక్క ఎంత పెద్దదో అంకెల్లో చెబితే బాగా తెలుస్తుంది. ఒక కిలో కిరసనాయిలు పూర్తిగా మండడానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. లీటరుకు లెక్కిస్తే దాదాపు 10 ఘనపు మీటర్ల గాలి, అంటే ఒక చిన్న స్నానాలగదిలో పట్టేంత. ఇంత గాలీ ఆ చిన్న చిల్లుల గుండా, ఆవిరి ఉన్న ఎత్తులోనే దానితో కలవాలి.

మా అమ్మాయి పొయ్యి బర్నరులో గొట్టాలు రెండు కాదు, నాలుగు. మధ్య నుంచి లెక్కపెడితే మొదటి గొట్టం లోపల గాలి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య మంట, రెండోదానికీ మూడోదానికీ మధ్య మళ్లీ గాలి, మూడోదానికీ నాలుగోదానికీ మధ్య మళ్లీ మంట, నాలుగోదాని బయట గాలి. గాలి దారులలో పైకప్పు అవసరమైనవి రెండు. నడిమి దారికి గుండ్రటి మూత సరిపోతుంది, డబ్బాలో అది ఉండనే ఉంది. రెండో మూడో గొట్టాల మధ్య దారి వలయంలా ఉంటుంది కనుక దాని మూత కూడా నడుమ ఖాళీ ఉన్న చక్రంలాగే ఉండి తీరాలి. ఒక్క చిల్లు లేకపోవడం కూడా అందుకే.

అయితే లెక్క కుదిరింది కదా అని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అక్కడివాళ్లు చెప్పిన ఇతర సమాధానాలూ కొట్టిపారేయదగినవి కావు. ఇంటి పెద్దావిడ దాన్ని పైన గిన్నె పెట్టే చోట అమర్చే చక్రం అనుకున్నారు. పక్కింటి రైతు పొగగొట్టం మొదట్లో వేసే పట్టీ అన్నాడట. మా అమ్మాయి ఊహ వత్తిని అదిమిపట్టే బిళ్ల. ఒక్కొక్కటిగా ఆ వస్తువు మీది ఆనవాళ్లతో పోల్చాం. గిన్నె కింది చక్రమైతే మందపాటి పోత ఇనుముది అయి, పైభాగం గిన్నెల రాపిడికి నున్నబడి ఉండాలి. ఇది వేలితో ఒత్తితే వంగేంత పల్చటి రేకు. పొగగొట్టానిదైతే బిగించడానికి బోల్టు రంధ్రాలు ఉండాలి, లోపలి అంచున మసి పట్టి ఉండాలి, ఆ రెండూ లేవు. వత్తి మీద ఉండేదైతే నూనెలో నాని, ఎండి, లక్క పూసినట్టు గోధుమరంగు పొర కట్టి ఉండాలి. ఇక్కడ నూనె జాడే లేదు. అయస్కాంతం పెట్టి చూడమందామా అని ఆలోచించాను గానీ, వేడిని తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలులో అయస్కాంతం అంటుకునే రకమూ అంటుకోని రకమూ రెండూ ఉన్నాయి కనుక దానివల్ల ఏమీ తేలదు.

చక్రాన్ని రెండు వైపులా పగటి వెలుతురులో, కిటికీ పక్కన పెట్టి ఫొటో తీయమన్నాను. అంచులు పైకి వంగినట్టు పెడితే కనిపించే వైపు, అంటే వాడుకలో కిందికి ఉండే వైపు, ఇంకా కొంచెం నీలిఛాయతో శుభ్రంగా ఉంది. చల్లటి గాలి తగిలే వైపు అలాగే ఉంటుంది. రెండో వైపు బూడిదరంగు పెచ్చులు లేచి ఉంది. అది నిప్పుగూటివైపు చూసిన ముఖం. అన్నిటికంటే ఎక్కువగా కాలిపోయినవి ఆ రెండు వంగిన అంచులు. చక్రం రెండో మూడో గొట్టాల మీద కూర్చుంటే దాని లోపలి అంచు ఒక మంటలోకీ, బయటి అంచు రెండో మంటలోకీ చొచ్చుకొని ఉంటాయి. కాలవలసినవి ఆ అంచులే. పైగా శుభ్రంగా ఉన్న వైపున అంచులకు కాస్త లోపలగా రెండు సన్నటి గీతలు, చుట్టూ వృత్తాలుగా, తళుక్కుమంటున్నాయి. గొట్టాల పై కొనలు ఏళ్ల తరబడి ఒరుసుకున్న గుర్తులు అవి. ఆ గీతలు చూశాక నాకు ఇక అనుమానం మిగలలేదు.

కొలతలు కూడా తీయించాను. గుండ్రటి వస్తువు వ్యాసాన్ని అడ్డంగా కొలిస్తే టేపు అటూ ఇటూ జరిగి లెక్క తప్పుతుంది కనుక, దర్జీ టేపును చుట్టూ తిప్పి, వచ్చిన చుట్టుకొలతను 3.14తో భాగించమన్నాను. చక్రం లోపలి వ్యాసం రెండో గొట్టం కంటే రవ్వంత తక్కువ, బయటి వ్యాసం మూడో గొట్టం కంటే రవ్వంత ఎక్కువ వచ్చింది. రెండు గొట్టాలనూ బల్ల మీద నిలబెట్టి చక్రాన్ని పైన ఉంచి వీడియో పంపింది. "సరిగ్గా కూర్చుంది మామయ్యా" అని ఆ అమ్మాయి సంతోషంగా చెబుతుంటే, వెనక ఆ పెద్దావిడ చప్పట్లు కొట్టడం వినిపించింది. భర్త చేతుల్లో ఆగిపోయిన పనిలో ఒక ముడి విడినందుకు ఆవిడకు కలిగిన ఆనందం నాకు అర్థమైంది.

వెలిగించే మాట వచ్చేసరికి నేను గట్టిగా వద్దన్నాను. మన వంటిళ్లలో స్టవ్వు సరిగా మండకపోతే గిన్నెలు నల్లబడేవి, కళ్లు మండేవి, అంతే. కిటికీలు, పెంకుల సందులు గాలిని తెస్తూనే ఉండేవి. చలిదేశపు ఇల్లు అలా కాదు, అన్నీ బిగించి ఉంటాయి. గాలి చాలక నూనె సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగూ వాసనా లేవు. ఈ చక్రం లేకుండా బర్నరు వెలిగించి ఉంటే ముందుగా కనిపించేది పసుపుపచ్చ మంట, ఆ వెంటనే మసి, ఆ మసి పొగదారిని మూసేస్తే వచ్చేది ఆ విషవాయువే. కనుక చక్రం దొరకడం ఎంత ముఖ్యమో, పొగగొట్టం లాగుడు కొలవడం, పళ్లెం మట్టం సరిచూడడం అంత ముఖ్యం. పళ్లెం ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కన నూనె లోతు పెరిగి మంట ఒకవైపే లేస్తుంది. ఆ దేశంలో ఆయిల్ పొయ్యిల పనివారిని నమోదు చేసే ఆఫ్‌టెక్ అనే సంస్థ ఉంది. అందులో నమోదైన మెకానిక్‌ను పిలిపించమన్నాను.

డబ్బాలోని పాత వత్తిపట్టీని మాత్రం ముట్టుకోవద్దన్నాను. పాతకాలపు బర్నర్ల వత్తులలో, తలుపుల చుట్టూ వేసే తాళ్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. బ్రిటన్‌లో దాని వాడకం పూర్తిగా నిషేధించింది 1999లోనే. పొడిగా ఉన్న అలాంటి పట్టీని దులిపితే లేచే ధూళి ఊపిరితిత్తులకు ఎంత ప్రమాదమో నర్సు అయిన ఆమెకు నేను చెప్పనక్కరలేదు. తడి గుడ్డ కప్పి, డబ్బా మూసి, మెకానిక్‌కే అప్పగించింది.

ఆయన వచ్చి చూసి, చక్రం మేము చెప్పిన చోటిదేనని ఒప్పుకున్నాడట. కొస వంచిన కమ్మీ సంగతి కూడా ఆయనే తేల్చాడు. నూనె పళ్లెంలోకి వచ్చే గొట్టం మూతి దగ్గర వేడికి నూనె గడ్డకట్టి గట్టి బొగ్గవుతుంది, దాన్ని తోసి తీయడానికి ఇంటాయన సొంతంగా చేసుకున్న పనిముట్టు అది. దానితోనే ఆ బొగ్గు తీసి, కొత్త వత్తి వేసి, గొట్టాలను వరుసగా నిలబెట్టి, మూతా చక్రమూ అమర్చి వెలిగించాడు. మొదట పసుపుగా ఉన్న మంట పళ్లెం కాగాక నీలంగా మారిందని మా అమ్మాయి ఫోను చేసి చెప్పింది. గోడకు కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టించారు.

చక్రం బయటి అంచు ఒకచోట కాలి పల్చబడింది కనుక కొత్తది తెప్పించుకోమని మెకానిక్ సలహా ఇచ్చాడు. తలుపు మీది పేరు చూడకుండా, బర్నరు పళ్లెం అంచున పోతలోనే వచ్చిన నంబరు రాసుకొని మా అమ్మాయి ఆర్డరు పెట్టింది. అది వచ్చేదాకా పాతది పనిచేస్తుంది.